సగం దాటని ఛార్జింగ్

ఇంటి నుంచి, వంటగది బల్ల దగ్గర

చిరంజీవి పిచ్చుకకు మీ అత్త ఆశీస్సులు.

ఉత్తరం చూసి కంగారుపడకు. అందరం బాగున్నాం. హైస్కూలు వదిలాక నేను ఇంత తెల్లకాగితం ముందు కూర్చోవడం ఇదే. ఇన్నేళ్ళకు కలం ఎందుకు పట్టానంటే, నాకొక సందేహం ఉంది, అది ఫోన్ గురించి. ఫోన్ గురించి ఫోన్లోనే అడగడం నాకు మర్యాదగా తోచలేదు. ఎదురుగా కూర్చున్న మనిషి గురించి ఆ మనిషి వింటుండగా మాట్లాడుకున్నట్టు ఉంటుంది. పైగా నా గొంతు సంగతి నీకు తెలుసు. "ఏంటత్తా, గట్టిగా చెప్పు" అంటావు. గట్టిగా చెప్పబోయి అసలు సంగతి మరిచిపోతాను. కాగితమైతే తొందరపెట్టదు.

నువ్వు మా సంస్థ హెడ్డాఫీసులోనే చేరావని మీ నాన్న చెప్పాడు. "ఇళ్ళలో ఒంటరిగా ఉన్న పెద్దవాళ్ళను మీరు చూసుకుంటారు, మీ ఫోన్లను అది చూసుకుంటుంది అక్కా" అన్నాడు. వాడి గొంతులో అంత గర్వం వాడి పెళ్ళినాడు కూడా వినలేదు. దేవుడు నీకు మంచి దారి చూపించాడు. చిన్నప్పుడు ప్రశ్నలతో నా చెవులు తిన్నావు కాబట్టే నిన్ను పిచ్చుక అన్నాను. ఇప్పుడు అడగడం నా వంతు.

సంస్థ ఇచ్చిన ఫోన్‌ను పొద్దున సెంటర్లో అరలోంచి తీసుకుంటాను. ఏ ఇంటికి వెళ్ళాలో అదే చెబుతుంది. ఆ తలుపు దగ్గరికి వెళ్ళగానే "మీ సహాయకురాలు ఫలానా వచ్చారు" అని పేరు కూడా అదే చెబుతుంది. మందు వేస్తే దానిలో నొక్కాలి, స్నానం చేయిస్తే దానిలో నొక్కాలి. సాయంత్రం మళ్ళీ అరలో పెట్టి ఇంటికి వస్తాను. ఇదంతా బాగానే ఉంది. కానీ ఒక్కో రోజు దానంతట అదే ఆరిపోయి, మళ్ళీ వెలిగి, వేరే రంగు బట్టలు కట్టుకుని కనిపిస్తుంది. నిన్న ఇక్కడున్న బొమ్మ ఇవాళ అక్కడుంటుంది. తాళం తీయకుండా ఎవరో ఇంట్లోకి వచ్చి సామాన్లు సర్దిపోయినట్టు. అది నువ్వేనా? అంత దూరంలో కూర్చుని ఎలా చేస్తావు? మధ్యాహ్నం మెట్ల మీద కూర్చుని నేను కాసేపు ప్రార్థన చేసుకుంటాను. అది పక్కనే ఉంటుంది. వింటుందా? వింటే నష్టం లేదులే, నేను అడిగేవి పెద్ద కోరికలు కావు. ఊరికే తెలుసుకుందామని.

నా పక్క అర మోకాళ్ళమ్మది. ఆ పేరు ఆవిడే పెట్టుకుంది. ఎలా ఉన్నారని అడిగితే "నా సంగతి వదిలేయండి, మోకాళ్ళను అడగండి" అంటుంది. నీకు ఉత్తరం రాస్తున్నానని చెబితే ఆవిడా ఒక ప్రశ్న పంపింది: "నేను ఫోన్‌ను తిట్టే తిట్లు అక్కడికి చేరతాయా? చేరితే కొంచెం మంచివి ఏరి తిడతాను."

మీ అత్త

*

హెడ్డాఫీసు, మూడో అంతస్తు

అత్తకు నమస్కారాలు.

ఉత్తరం! మా గదిలోకి స్టాంపు అంటించిన కవరు రావడం ఇదే మొదటిసారి. అందరూ చుట్టూ మూగారు. మా సార్ దాన్ని అటూ ఇటూ తిప్పి "దీనికి ఛార్జర్ ఎక్కడ గుచ్చుతారు?" అన్నారు. జవాబు కూడా కాగితం మీదే రాయాలని పంతం పట్టి, కలం కోసం పక్క విభాగానికి వెళ్ళాల్సి వచ్చింది.

నీ ప్రార్థన దేవుడికే, మధ్యలో మేం లేము. మాటలు వినం, మెసేజ్‌లు చదవం. మోకాళ్ళమ్మగారి తిట్లు చేరవు, పాపం మాకే నష్టం. మాకు కనిపించేది ఇంతే: డ్యూటీలో ఉన్నప్పుడు ఫోన్ ఎక్కడుంది, ఎంత ఛార్జింగ్ ఉంది, ఎన్ని మెట్లు ఎక్కింది, అప్‌డేట్ ఎక్కిందా లేదా. ఎదురుగా గోడంత తెర ఉంది. ఒక్కో ఫోన్ ఒక్కో చుక్క. అప్‌డేట్ ఎక్కితే ఆకుపచ్చ, ఎక్కకపోతే బూడిద రంగు. నేను ఇక్కడ ఒక్కసారి నొక్కితే అన్ని ఊళ్ళ అరల్లోనూ ఫోన్లు ఆరి వెలుగుతాయి. అవును, మీ ఇల్లు సర్దిపోయేది నేనే.

ఒక తప్పు ఒప్పుకోవాలి. నీ చుక్క ఏదో వెతికి చూశాను. ఒక్కరోజే. పొద్దున్నే ఒక వీధి మూల నీ చుక్కా ఇంకో చుక్కా పక్కపక్కన ఆగాయి. టీ తాగుతున్నారా? తర్వాత నువ్వు వెళ్ళినవన్నీ కింది అంతస్తు ఇళ్ళే. నాకు హాయి అనిపించింది. ఈ వయసులో నీకు మెట్లు వద్దు.

ఇప్పుడు నా కష్టం విను. నెలాఖరులోగా తెర మొత్తం పచ్చబడాలి. అలా చేసి చూపిస్తే నా ఉద్యోగం ఖాయం చేస్తారు. ఒక్క సెంటర్ తప్ప అన్నీ దారికొచ్చాయి. ఆ ఒక్కటీ మీదే! ఫోన్ సగం కంటే ఎక్కువ ఛార్జింగ్‌తో ఉంటేనే అప్‌డేట్ ఎక్కుతుంది. మీ ఫోన్లు ఏ రోజూ సగం దాటవు. ఒక్కటి కూడా. మధ్యాహ్నానికి సొమ్మసిల్లి పడిపోతున్నాయి. మీ దగ్గర కరెంటు సరిగా రాదా? ప్లగ్గులు పాడయ్యాయా? చెప్పత్తా, మనిషిని పంపిస్తాను. ఇంత వింత నేను ఎక్కడా చూడలేదు.

నీ పిచ్చుక

*

ఇంటి నుంచి, కిటికీ పక్కన

చిరంజీవి పిచ్చుకకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. గోడంత తెర మీద నేనొక చుక్కనని తెలిసి, ఆ రోజంతా నడుస్తూ తల సర్దుకుంటూనే ఉన్నాను.

కరెంటు బాగానే వస్తుంది. ప్లగ్గులన్నీ పనిచేస్తాయి. మనిషిని పంపవద్దు, వచ్చినా సరిచేయడానికి ఏమీ లేదు. ఆ సంగతి ఇంతవరకే రాయగలను.

టీ గురించి అడిగావు. ఆ మూల రొట్టెల కొట్టు ఉంది. పొద్దున్నే పొయ్యిలోంచి తీసిన రొట్టెల వాసన వీధంతా ఉంటుంది. ఒక్క నిమిషం ఎవరైనా ఆగుతారు.

నీకు మా గడియారాలాయన గురించి ఎప్పుడూ చెప్పలేదు కదూ. ఐదో అంతస్తులో ఒక్కరే ఉంటారు. ఒకప్పుడు గడియారాలు బాగుచేసేవారు. ఇప్పుడు చూపు దాదాపు పోయింది. గది నిండా గడియారాలే, ఏ రెండూ ఒక టైము చూపించవు. అయినా వేళ్ళతో తడిమి అన్నిటికీ కీ ఇస్తారు. "టైమెంతండీ?" అని అడుగుతారు. చెబితే "మీ ఫోన్ ముందుకు పోతోంది" అంటారు. ఎవరి చేతిమీదా మందు వేసుకోరు. ఇంతకుముందు వచ్చిన ఇద్దరిని గుమ్మంలోంచే పంపేశారట. దేవుడి దయ వల్ల నాతో పేచీ పెట్టలేదు. నేను మెల్లగా మాట్లాడతానని కాబోలు, గడియారాల చప్పుడుకు అడ్డు రానని.

నేనూ ఒకటి అడగనా? కొత్త అప్‌డేట్ ఎక్కితే ఫోన్ ముఖం అడుగుతుందట, నిజమేనా? ఎవరి పేరు మీద ఉంటే వాళ్ళ ముఖానికే తెరుచుకుంటుందని వేరే సెంటర్ ఆవిడ ఎవరో చెప్పిందట. ముఖం ఎందుకు? ఇన్నాళ్ళూ నాలుగు అంకెలు నొక్కితే సరిపోయింది కదా. నాకేం భయం లేదు. ఎలా పనిచేస్తుందో తెలుసుకుందామని.

ఒంట్లో జాగ్రత్త. తెర ముందు అంతసేపు కూర్చుంటే కళ్ళు పాడవుతాయి.

మీ అత్త

*

హెడ్డాఫీసు, మూడో అంతస్తు

అత్తకు నమస్కారాలు.

కరెంటు ఉంది, ప్లగ్గులు ఉన్నాయి, ఛార్జింగ్ లేదు. నువ్వు పొడుపు కథలు కూడా వేస్తావని తెలియదు.

అవును, ముఖం అడుగుతుంది. మందులు వేసే పని కదా, ఎవరు వేశారో తేలాలని పైవాళ్ళు కోరారు. ఆ ముఖం తలనొప్పి నీకేం చెప్పను! అప్‌డేట్ ఎక్కిన సెంటర్లన్నిటి నుంచీ "ఫోన్ నన్ను గుర్తుపట్టడం లేదు" అని ఒకటే ఫిర్యాదులు. మర్నాడు మళ్ళీ అదే ఫోన్ బాగానే తెరుచుకుంటుంది. కెమెరా లోపమేమోనని కంపెనీవాళ్ళతో రోజూ పోట్లాట.

ఇక మంచి కబురు. కూర్చుని చదువు. సంస్థ మొత్తంలో అందరికంటే ఎక్కువ మెట్లు ఎక్కిన ఉద్యోగికి ఈ ఏడు బహుమతి ఇస్తున్నారు. ఎవరో తేల్చమని సార్ నాకే చెప్పారు. లెక్క తీస్తే మీ సెంటర్! నీ పక్క అర! మోకాళ్ళమ్మగారు! రెండో స్థానంలో ఉన్నావిడ దరిదాపుల్లో కూడా లేదు. ప్రశంసాపత్రం అచ్చయింది. వచ్చే నెల ఆవిడను ఇక్కడికి పిలిపించి, కొత్తగా చేరినవాళ్ళకు ఆరోగ్యం ఎలా కాపాడుకోవాలో చెప్పిస్తారట.

ఆవిడ ఎలాంటి మనిషి అత్తా? ఆ మోకాళ్ళ రహస్యం ఏంటో కొంచెం అడిగి రాయి. నాకు చాలా తెలుసుకోవాలని ఉంది.

పిచ్చుక

*

ఇంటి నుంచి, తలుపు వేసుకుని

చిరంజీవి పిచ్చుకకు,

కబురు మా సెంటర్‌కు కూడా వచ్చింది. పొద్దున టీ వేళ సూపర్‌వైజర్ గారు అందరినీ నిలబెట్టి పైకి చదివారు. అప్పుడు మోకాళ్ళమ్మ కుర్చీలో కూర్చుని, వేడినీళ్ళ సంచి మోకాళ్ళ మీద పెట్టుకుని ఉంది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆవిడే అంది: "ఈ సంగతి నా మోకాళ్ళకు చెప్పకండమ్మా, ఇప్పటికే వాచి ఉన్నాయి, ఇంకా పొంగిపోతాయి." అప్పుడు అందరూ నవ్వారు. సూపర్‌వైజర్ గారు కూడా నవ్వారు, ఎందుకు నవ్వుతున్నారో తెలియకుండానే.

తర్వాత నడవలో ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.  "బహుమతి ఇచ్చే వేదిక ఎక్కడానికి కూడా మెట్లుంటాయి కదండీ" అంది.

ఆ మెట్లు నావి పిచ్చుకా.

ఆవిడ పొద్దుటి ఇళ్ళన్నీ లిఫ్ట్ లేని ఒకే భవనంలో ఉన్నాయి. నావి నేలకు ఆనుకున్న వరస ఇళ్ళు. ఎవరు ఏ ఇళ్ళకు వెళ్ళాలో ఆ దారి వేసేది హెడ్డాఫీసు కంప్యూటరు మిషన్. మొదటి వారంలోనే ఆవిడ రెండో అంతస్తు మెట్ల మీద కూలబడితే నేను చూశాను. దారి మార్చమని సూపర్‌వైజర్‌ను అడిగింది. "మిషన్ వేసిన దారి నేను మార్చలేను, ఎక్కలేనంటే వైద్య పరీక్షకు రాస్తాను" అన్నారు. ఆ పరీక్షకు వెళ్ళినవాళ్ళు మళ్ళీ పనిలోకి రాలేదు. ఆవిడ ఇంట్లో సంపాదించేది ఆవిడ ఒక్కతే. అందుకని రొట్టెల కొట్టు దగ్గర ఫోన్లు మార్చుకున్నాం. ఒక్క వారం అనుకున్నాం. రెండేళ్ళయింది. పొద్దున మార్చుకుంటాం, మధ్యాహ్నం ఎవరిది వాళ్ళం తీసుకుంటాం. నీ తెర మీద కింది అంతస్తుల్లో హాయిగా తిరిగింది నేను కాదు. నా పేరున్న ఫోన్.

ముఖం సంగతి విన్నాక ఆవిడే ఉపాయం చెప్పింది. "సగం దాటితేనే ఎక్కుతుందని ఫోన్లో వాళ్ళే రాశారుగా. దాటనివ్వకపోతే సరి." మా రెండు ఫోన్లే వెనకబడితే పట్టుబడతామని, సెంటర్లో అందరూ తమవి కూడా సగంలోనే ఆపేశారు. సాయంత్రం ప్లగ్గు పెట్టం. పొద్దున టీ తాగినంతసేపు పెట్టి, సగం కాకముందే పీకేస్తాం. అందరం ఒకేలా ఉంటే ఎవరికీ కనపడం అనుకున్నాం. అందరం ఒకేలా ఉన్నందుకే నీకు కనపడ్డాం.

నన్ను బాధపెట్టేది ఇంకొకటి. గడియారాలాయన తలుపు దగ్గర ఫోన్ ఆవిడ పేరు చెబుతుంది. లోపలినుంచి ఆయన ఆ పేరుతోనే పిలుస్తారు. నేను "వచ్చానండీ" అంటాను. వచ్చిన మాట నిజమే కదా అని మెట్లు దిగుతూ దేవుడికి చెప్పుకుంటాను. దేవుడు ఏమీ అనడు. ఏమైనా అంటే బాగుండును.

ఆవిడకు చెప్పకుండా ఇది నీకు రాస్తున్నాను. నీ పని నువ్వు చెయ్యి. నాకోసం ఏమీ ఆపవద్దు.

మీ అత్త

*

నా గది నుంచి. ఆఫీసులో కూర్చుని రాయలేను.

అత్తా,

కోపంగానే రాస్తున్నాను.

నీ రెండో ఉత్తరంలోనే నాకు తెలిసిపోయింది. ఐదో అంతస్తు గడియారాల గురించి రాశావు. నేను చూసిన రోజు నీ చుక్క నేల వదల్లేదు. బహుమతి లెక్క నిజంగానే వచ్చింది. కానీ "మోకాళ్ళ రహస్యం అడిగి రాయి" అన్నది మాత్రం నువ్వు నిజం చెబుతావో లేదో చూద్దామని. మా అత్తను పరీక్షించాను. అందుకు నా మీద నాకే కోపం.

సగం అనే హద్దు పెట్టింది నేనే. ఒక్కసారి నొక్కి ఆ హద్దు కిందికి దించితే మర్నాటికి మీ ఫోన్లన్నీ పచ్చబడతాయి. ఎందుకు దించలేదని సార్ రోజూ అడుగుతున్నారు. "బ్యాటరీలు దెబ్బతింటాయి సార్" అంటున్నాను. దెబ్బతినవు. అంటే మీ సెంటర్లో అందరూ ప్లగ్గులు పీకుతుంటే, ఇక్కడ కూర్చుని నేనూ ఒకటి పీకుతున్నాను.

ఒక్కటి ఆలోచించావా? ఆయనకు రేపు ఏమైనా అయితే, మందు వేసినట్టు ఉన్నది ఆవిడ పేరు. వేసింది నువ్వు. ఆవిడ అక్కడ లేనే లేదు. నిన్ను ఎవరు నమ్ముతారు? ఆవిడను ఎవరు కాపాడతారు?

శుక్రవారం నేను ఆ హద్దు దించేస్తాను. ఈలోగా ఏం చేస్తావో నువ్వే చూసుకో.

పిచ్చుక

*

సెంటర్ నుంచి, అరల గది

చిరంజీవి పిచ్చుకకు,

ఈ సంగతి దాచమని నిన్ను నేను అడగలేదు. అడగకుండానే దాచావు. అది నాకు ఆ ఐదు అంతస్తుల కంటే బరువుగా ఉంది. మందుల సంగతి నువ్వు అన్నది నిజం. నేను ఆలోచించనేలేదు. సాయం చేస్తున్నానన్న సంతోషంలో అది కనపడలేదు.

మర్నాడు రొట్టెల కొట్టు దగ్గర మోకాళ్ళమ్మ ఫోన్ చాపింది. నేను నాది చాపలేదు. నీకు రాసింది, నువ్వు రాసింది, అంతా చెప్పాను. ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసింది.

"మీ దేవుడికి సత్యం కావాలి. నాకు జీతం కావాలి. ఇద్దరికీ కుదరదండీ."

"ఇద్దరం కలిసి చెబుదాం. తప్పు నాది కూడా."

"మీది తప్పు. నాది పొట్ట."

అని తన ఫోన్ సంచిలో వేసుకుని ఆ భవనం వైపు నడిచింది. నేను వెనకే వెళ్ళాను. మొదటి అంతస్తు ఎక్కింది. రెండో అంతస్తు మలుపులో గోడకు ఆనుకుని నిలబడిపోయింది. నేను కింది మెట్టు మీద కూర్చున్నాను.  ప్రార్థన కూడా చేయలేదు, ఆవిడకు వినపడితే కోపం వస్తుందని. చాలాసేపటికి "మీరు నోరు మూసుకుని కూర్చుంటే నాకు ఇంకా మంట" అంది. తర్వాత "సరే, ఆఫీసుకు రాయండి. కానీ నా మోకాళ్ళ గురించి నేనే రాస్తాను. మీరైతే మెత్తగా రాస్తారు" అంది.

ఫోన్లో "సలహాలు" అని ఒక పెట్టె ఉంది కదా, ఎవరూ తెరవనిది. నేను నా ఫోన్లో, ఆవిడ తన ఫోన్లో, ఆ మెట్ల మీదే కూర్చుని జరిగిందంతా రాశాం. నీ పేరు ఎక్కడా రాయలేదు. మేం అప్‌డేట్ ఎందుకు ఆపామో రాశాను. ఆవిడ ఏం రాసిందో నాకు చూపించలేదు.

సాయంత్రం ఇద్దరం ప్లగ్గులు పెట్టి, పీకకుండా ఇంటికి వెళ్ళాం. పొద్దున వచ్చి చూస్తే మా సెంటర్ వాళ్ళంతా పెట్టేసి ఉన్నారు. నిండుగా ఛార్జింగ్ ఉన్న ఫోన్ చూసి చాలా రోజులైంది. ముఖం చూపించమంది. చూపించాను.

ఇక వాళ్ళేం చేస్తారో తెలియదు. మోకాళ్ళమ్మ అరలోంచి తన టీ గ్లాసు, చెప్పులు తీసి సంచిలో పెట్టేసుకుంది.

మీ అత్త

*

హెడ్డాఫీసు, మూడో అంతస్తు

అత్తకు నమస్కారాలు.

టీ గ్లాసు మళ్ళీ అరలో పెట్టమను. ముందు ఆ మాట చెప్పి తర్వాత రాస్తాను.

సలహాల పెట్టె మా సార్ తెరిచారు. నీ ఉత్తరం, అదే నీ సలహా, మౌనంగా చదివారు. ఆవిడది అందరికీ వినపడేలా చదివారు: "నా మోకాళ్ళు ఐదో అంతస్తు ఎలా ఉంటుందో చూడలేదు. బహుమతి వెనక్కి తీసుకోండి. నన్ను తీసేసేముందు ఆ దారులు వేసే మిషన్‌ను ఒక్కసారి మెట్లెక్కించండి." 

దారుల విభాగం పెద్దావిడ వచ్చి ఇద్దరినీ పనిలోంచి తీసేయాలన్నారు. అప్పుడు లేచి నిలబడ్డాను. "వాళ్ళలో ఒకరు మా మేనత్త. ఈ సంగతి నాకు ముందే తెలుసు. బ్యాటరీల గురించి నేను చెప్పింది అబద్ధం" అన్నాను. సార్ నా వైపు చూసిన చూపు నీకు చెప్పను. "అయితే నువ్వు దీంట్లో మాట్లాడకు" అన్నారు. "మాట్లాడను సార్, తెర మీద ఒకటి చూపిస్తాను" అన్నాను.

అత్తా, ఆ ముందు రోజంతా నాకు ఒకటే ఆలోచన. ముఖం గుర్తుపట్టడం లేదన్న ఫిర్యాదులు గుర్తున్నాయా? కెమెరా లోపమని కంపెనీవాళ్ళతో పోట్లాడాను కదా. ఆ ఫిర్యాదులు వచ్చిన ఫోన్లన్నిటినీ తెర మీద పెట్టి, అప్‌డేట్‌కు ముందు పొద్దుటిపూట అవి ఎక్కడ తిరిగాయో చూశాను. రెండేసి చుక్కలు. ఒక మూల దగ్గర, ఒక బస్‌స్టాపు దగ్గర, ఒక గేటు దగ్గర. పక్కపక్కన ఆగడం, ఒక్క నిమిషం తర్వాత విడిపోవడం. మీలాంటి జంటలు ప్రతి ఊళ్ళోనూ ఉన్నాయి! కెమెరా బాగానే ఉంది. అది చూసిన ముఖమే వేరేది. మీ సెంటర్ వాళ్ళు ముందే కనిపెట్టి ఆపారు, మిగతావాళ్ళు అప్‌డేట్ ఎక్కాక ఇరుక్కున్నారు, అంతే తేడా. పాపం వాళ్ళు పని మానుకోలేక, ఎవరి మోకాళ్ళతో వాళ్ళు ఎక్కుతున్నారు.

దారుల పెద్దావిడ ఆ చుక్కలను వేలితో ఒక్కొక్కటే లెక్కపెట్టారు. "ఇంతమందిని తీసేస్తే తలుపులు తట్టేదెవరు?" అన్నారు చివరికి.

ఒక ఫోన్‌కు ఇద్దరి ముఖాలు పెట్టే వీలు ముందునుంచీ ఉంది. ఎవరూ అడగలేదని ఆపి ఉంచారు. ఇప్పుడు తెరిచాం. మార్చుకున్నా, ఎవరు వెళ్తే వాళ్ళ పేరే పలుకుతుంది, ఎవరు మందు వేస్తే వాళ్ళ పేరే పడుతుంది. మెట్లు ఎక్కలేమని ఫోన్లోనే చెప్పుకోవచ్చు, దానికి వైద్య పరీక్ష ఉండదు. మీ ఇద్దరికీ హెచ్చరిక కాగితం వస్తుంది, తీసుకోక తప్పదు. నా ఉద్యోగం ఖాయం చేయడం మూడు నెలలు వాయిదా వేశారు. బాధ లేదని చెప్పను. ఉంది. కానీ తెర మొత్తం పచ్చగా ఉంది, దాని వైపు నేరుగా చూడగలుగుతున్నాను.

ఇంకొకటి తెలుసుకోవాలని ఉంది. ఈసారి పరీక్ష కాదు, నిజంగానే. గడియారాలాయన తలుపు దగ్గర ఫోన్ నీ పేరు చెప్పినప్పుడు ఏం జరిగింది?

నీ పిచ్చుక

*

ఇంటి నుంచి, వంటగది బల్ల దగ్గర

చిరంజీవి పిచ్చుకకు మీ అత్త ఆశీస్సులు.

మూడు నెలలు వాయిదా అని చదివి చాలాసేపు కాగితం చేతిలోనే పట్టుకుని కూర్చున్నాను. నా మెట్లకు నువ్వు ఆయాసపడుతున్నావు. దేవుడు నీకు మేలు చేయాలి.

హెచ్చరిక కాగితాలు వచ్చాయి. సూపర్‌వైజర్ గారు అవి ఇచ్చేటప్పుడు ముఖం గంటు పెట్టుకున్నారు. అవి ఇచ్చాక మాత్రం మోకాళ్ళమ్మ కోసం కుర్చీ లాగారు. ప్రశంసాపత్రాన్ని ఎవరూ వెనక్కి అడగలేదు. ఆవిడ దాన్ని అరల తలుపుకు అంటించింది. పైన ఛార్జర్ల వైర్లు వేలాడుతుంటాయి, పేరు సరిగా కనపడదు. "అలాగే బాగుంది, ఎవరిది వాళ్ళు అనుకుంటారు" అంది. టీ గ్లాసు మళ్ళీ అరలో ఉంది.

రొట్టెల కొట్టు దగ్గర ఒకరి ఫోన్లో ఒకరం ముఖాలు పెట్టుకున్నాం. ఆవిడ ఫోన్‌కు నేను ముఖం చూపిస్తుంటే, "నవ్వకండి, మీరు నవ్వితే అది నేనని అస్సలు నమ్మదు" అని ఆవిడే నవ్వించింది.

ఇక నువ్వు అడిగింది.

ఐదో అంతస్తు ఎక్కాను. ఫోన్ నా పేరు చెప్పింది. లోపల గడియారాలు కొట్టుకుంటున్నాయి కానీ "రండి" అన్న మాట రాలేదు.

"ఎవరది? ఆవిడ ఏది?"

"నేనేనండీ."

"గొంతు ఆవిడదే. పేరు ఆవిడది కాదు. ఎవరమ్మా నువ్వు?"

రెండేళ్ళలో ఆయన నన్ను నువ్వు అనడం అదే మొదటిసారి. గడియ తీయలేదు. చేతిలో ఫోన్ ఉంది, మందుల సంచి ఉంది, ఆ తలుపు దాటడానికి రెండూ పనికిరాలేదు. అందుకని తలుపుకు దగ్గరగా నిలబడి, నాకు చేతనైనంత గట్టిగా అంతా చెప్పాను. మోకాళ్ళు, మెట్లు, రొట్టెల కొట్టు, ఫోన్లు. కింది అంతస్తులో ఎవరో తలుపు తీసి విన్నారు కూడా. నాకు సిగ్గేసింది, అయినా ఆపలేదు.

లోపల ఒక గడియారానికి కీ ఇచ్చిన చప్పుడు వినిపించింది. తర్వాత అడిగారు.

"అయితే ఇన్నాళ్ళూ నేను వేరే ఆవిడ పేరు పెట్టి పిలుస్తుంటే, మీరు పలికారా?"

"పలికానండీ."

"ఒక్కసారైనా చెప్పాలనిపించలేదా?"

"రోజూ అనిపించిందండీ."

గడియ తీసిన చప్పుడైంది. తలుపు తెరిచి, నా భుజం మీదుగా ఎటో చూస్తూ అన్నారు. "నా గడియారాలు ఒక్కటీ సరైన టైము చెప్పవు. అయినా ఏది ఎక్కడుందో చప్పుడును బట్టి నాకు తెలుసు. మీ అడుగుల చప్పుడు నాలుగో అంతస్తు నుంచే తెలుస్తుంది. పేరుదేముంది, సరిచేసుకుంటాం. రండి." ఆ తర్వాత నా పేరు అన్నారు. మెల్లగా, కొత్త గడియారానికి మొదటిసారి కీ ఇస్తున్నట్టు. మందు వేసుకునేలోపు రెండుసార్లు మళ్ళీ ఆవిడ పేరే పెట్టి పిలిచి, తనే దిద్దుకున్నారు. నేను ప్రతిసారీ పలికాను.

మెట్లు దిగుతూ దేవుడికి చెప్పుకోవడానికి ఏమీ లేకపోయింది. ఊరికే దిగాను.

మోకాళ్ళమ్మకు ఇదంతా చెబితే కాసేపు రొట్టెల కొట్టు వైపు చూసి, "అయితే ఆ ఐదో అంతస్తులో ఇక నేను లేనన్నమాట" అంది. "ఆయన నన్ను తిట్టుకున్నారా?" అని కూడా అడిగింది. లేదని చెప్పాను. ఎప్పుడైనా ఆయనను కిందికి దింపి తీసుకురమ్మంది. తన పేరుకు ఇన్నాళ్ళూ మర్యాద ఇచ్చిన మనిషిని ఒకసారి చూడాలట.

ఆఫీసుకు చెప్పాల్సింది ఆఫీసుకు చెప్పాం. ఫోన్‌కు చూపించాల్సింది ఫోన్‌కు చూపించాం. అవి అందరూ చూడొచ్చు. ఈ కాగితాలు మాత్రం పారేయకు. నీ బట్టల అడుగున ఎక్కడైనా భద్రంగా పెట్టు. ఎవరికీ చూపించకు, మీ నాన్నకు కూడా. వాడు అడిగితే అత్త బాగుందట, మెట్లు బాగానే ఎక్కుతోందట అని చెప్పు.

మీ అత్త